వాన డబ్బా పందెం

భూమి వేడెక్కుతోందా లేదా అన్న సంగతిని గురజాలలో ఒక రేకు డబ్బా తేల్చాలని పదిమంది పెద్దమనుషులు ఒప్పుకున్నారంటే మీరు నవ్వుతారు. నవ్వండి. ఆ డబ్బాలో నీళ్ళు కొలిచి రాసేదాన్ని నేనే కాబట్టి నాకు మాత్రం చాలా కాలం నవ్వు రాలేదు.

ఎనభైల చివరి రోజులు. తాలూకాలు పోయి మండలాలు వచ్చి కొన్నేళ్ళయింది. నేను మండలం ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ఆఫీసు మొత్తానికీ ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఎవరికీ చెయ్యాలనిపించని పనులన్నీ "అమ్మాయి చేతిరాత ముత్యాల్లా ఉంటది" అన్న పొగడ్తతో సహా నా బల్ల మీదికి వచ్చి కూర్చునేవి. వానల రిజిస్టరు అలా వచ్చిందే. ఆఫీసు ఆవరణలో, జెండా కర్రకి అవతల, నేలలో సగం పాతిన రేకు డబ్బా ఒకటుండేది. పైన గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఆ సీసాలో నీళ్ళు గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రాయాలి. ఎండాకాలమైనా సరే వెళ్ళి, ఎండిన సీసాలోకి తొంగిచూసి, సున్న చుట్టి రావాలి. పల్నాటి ఎండలో సున్న కోసం నేను నడిచిన నడకకి ఎవరూ నాకు ప్రమోషన్ ఇవ్వలేదు.

ఇక మాస్టారు. హైస్కూల్లో నాకు సైన్సు చెప్పినాయన. రిటైరయ్యారు, భార్య పోయింది, పిల్లలు లేరు. రిటైరైన రోజున పిల్లలంతా చందాలేసుకుని ఏం కావాలని అడిగితే, శాలువా వద్దు, గడియారం వద్దు, ఒక నల్ల బోర్డు చేయించి పెట్టమన్నారు. దాన్ని లైబ్రరీ వరండా గోడకి కొక్కేలు కొట్టించి తగిలించుకుని, రోజూ పొద్దున్నే ఏడింటికల్లా వచ్చి, ఒక సైన్సు సంగతి రాసేవారు. దోమ ఎందుకు కుడుతుంది, పిడుగు ఎందుకు పడుతుంది, పాలు ఎందుకు విరుగుతాయి. బస్టాండుకి పోయేవాళ్ళు ఆగి చదివేవాళ్ళు. చదివి ఎవరన్నా ఒక ప్రశ్న అడిగితే ఆయన మొహం చూడాలి, జీతం పెరిగినట్టు ఉండేది. పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళడానికి ఆయనకున్న చోటు అదొక్కటే. ఆ బోర్డు లేకపోతే మాస్టారు ఇంట్లో కూర్చుని గోడలు చూసుకోవాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు.

లైబ్రరీని ఆనుకునే ట్రాక్టర్ల మెకానిక్ షెడ్డు. ఆ షెడ్డు భాయ్‌ది, భాయ్ అంటే ఆ సెంటర్లో ఆయనొక్కడే. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేసేవాడు, ఆ ధీమాతోనే లోకంలో మిగతా సంగతులు కూడా చెప్పేసేవాడు. రోజూ పాత బనియను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, బోర్డు చదివి, ఏదో ఒక కొర్రీ వేసి పోయేవాడు. అది లేకపోతే మాస్టారుకీ తోచదు, ఆయనకీ తోచదు.

ఒక రోజు మాస్టారు బోర్డు మీద ఇలా రాశారు: "బొగ్గు, డీజిలు కాల్చిన పొగ ఆకాశంలో దుప్పటిలా పరుచుకుంటోంది. భూమి వేడెక్కుతోంది. శాస్త్రజ్ఞులు తేల్చేశారు."

భాయ్ చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎవురు తేల్చారు మాస్టారూ?"

"శాస్త్రజ్ఞులు."

"అందరూనా? మొన్న రేడియోలో ఒకాయన ఇంకా చూడాలి అన్నాడే?"

"ఎంత వేడెక్కుద్ది, ఎప్పటికి, అన్న కాడ వాదులాడుకుంటారు భాయ్. వేడెక్కుతుందన్న కాడ కాదు."

"వాళ్ళలో వాళ్ళకే కుదర్లేదంటే తేలనట్టేగా? పెళ్ళి ఖాయమంటారు, ముహూర్తం మాత్రం తెలవదంటారు!"

వరండాలో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మాస్టారుకి రోషం వచ్చింది. మర్నాడు బోర్డు మీద అదే సంగతి ఇంకా పెద్ద అక్షరాలతో రాశారు. దాంతో ఊరు రెండుగా చీలింది. టీకొట్లో గ్లాసు ఎత్తితే ఇదే మాట. పల్నాటి భూమి ఇంకా వేడెక్కేదానికి చోటేడుందయ్యా అని ఒకడు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకి మబ్బు దగ్గుకుంటూ పక్క జిల్లాకి పోతోందని ఒకడు. మేడల మీద టీవీ కర్రలు లేచిన దగ్గర్నుంచే వానలు పాడయ్యాయని ఇంకొకడు. మా పిన్ని అయితే నేను అన్నం తింటుంటే అడిగింది, "ఏమే, నీది గవర్నమెంటు ఉద్యోగం గదా, వేడెక్కుతుందో లేదో మీ ఆఫీసులో రాసుంటారుగా?" అని.

ఆ మాట పిన్నికి తట్టినట్టే మాస్టారుకీ తట్టింది. అదే మా కొంప ముంచింది.

"మన వానల లెక్క మండలం ఆఫీసులో ఉంది," అన్నారు ఒక సాయంత్రం, అందరూ వింటుండగా. "పదేళ్ళ రిజిస్టరు తీయిద్దాం. వానలు తగ్గిపోయాయని దాంతో రుజువు చేస్తా. చెయ్యలేకపోయానా, ఈ బోర్డు పీకి నీ చేతిలో పెడతా. నీ షెడ్డుకి కొట్టుకో."

"రుజువైతే?" అని ఎవరో అడిగారు.

"నోరు మూసుకుంటా," అన్నాడు భాయ్. అది బోర్డు కంటే పెద్ద పందెమని అక్కడున్నవాళ్ళంతా ఒప్పుకున్నారు. ఆదివారం సాయంత్రం, మాస్టారు చర్చి నుంచి వచ్చి భోజనం చేసి కాస్త నడుం వాల్చాక, లైబ్రరీ వరండాలో తీర్పు. లెక్క తీసే పని నాది. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కదా!

పాత రిజిస్టర్లు దుమ్ము దులిపి, ఒక్కో ఏడాదీ కూడి, కాగితం మీద ఎక్కించాను. మొదటి ఏడేళ్ళూ ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా, సాఫీగానే ఉన్నాయి. చివరి మూడేళ్ళు మాత్రం దభీమని పడిపోయాయి. ఆ మూడేళ్ళూ నా చేతిరాతే. శుక్రవారం సాయంత్రం పరిగెత్తుకెళ్ళి మాస్టారుకి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. "చూశావా! చూశావా!" అంటారు, ఇంకో మాట రాదు. నాకు పరీక్షలో వంద వచ్చినంత సంతోషమైంది. స్కూల్లో ఆయన నాకెప్పుడూ డెబ్భై దాటి వెయ్యలేదు లెండి.

శనివారం తెల్లారగట్ల వాన పడింది. రిజిస్టర్లు మళ్ళీ ఒకసారి సరిచూసుకుందామని నేను ఏడు కాకముందే ఆఫీసుకి వెళ్ళాను. రోజూ ఎనిమిదిన్నరకి వెళ్ళేదాన్ని. గేటు దగ్గర నైట్ వాచ్‌మన్ తాత తాళాలు నా చేతికిచ్చి ఇంటికి పోయేవాడు, మూడేళ్ళుగా అంతే. ఆ రోజు తాత గేటు దగ్గర లేడు. యూరియా సంచి మూల మూలలోకి దోపి తలకి తొడుక్కుని, వాన డబ్బా పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. డబ్బా మీద కూడా ఒక యూరియా సంచి. దాని చుట్టూ పురికొస. ఆ ముడి విప్పుతున్నాడు.

"ఏంది తాతా అది?"

"ఏముందమ్మాయ్, వానొచ్చింది గదా. కప్పా."

"దేన్ని?"

"దీన్నే."

"ఎప్పట్నుంచి కప్పుతున్నావ్?"

"నేనొచ్చిన కాడ్నుంచీ," అన్నాడు తాత, ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "చేరిన రోజునే అప్పటి ఆఫీసరుగారు చూపిచ్చి చెప్పారు, ఇది సర్కారు సొత్తు, దీనికేమన్నా అయితే నీదే పూచీ అని. నా డూటీలో ఒక్క చుక్క పడనిచ్చానా? పొద్దున్నే విప్పి సంచి ఇంటికి తీసకపోయి ఆరేస్తా. బయటుంచితే ఎవురన్నా ఎత్తకపోతారు, యూరియా సంచికి చానా గిరాకీ."

ఆయన నా మొహం చూసి ఇంకేదో తప్పు పట్టాననుకున్నాడు.

"ఒక్కో రాత్రి కన్ను మూతపడి లేటయ్యేదమ్మాయ్, అబద్ధమెందుకు. అయ్యి లెక్కెయ్యమాక."

మేము లెక్కేసింది అవే! తాత నిద్రపోయిన రాత్రుల వానా, ఆయన ఇంటికి పోయాక పగలు పడిన వానా, ఈ రెండే మూడేళ్ళుగా గురజాల వర్షపాతం. ఆయన ఒళ్ళు దాచుకోకుండా పని చేసిన రాత్రులన్నీ రిజిస్టరులో సున్నలు. నాకు ఒళ్ళు మండిపోయింది. "వాన పడటానికే పెట్టారు తాతా దాన్ని! తడవటానికే!" అని ఆవరణంతా మారుమోగేట్టు అరిచాను. తాత నన్నూ డబ్బానీ మార్చి మార్చి చూశాడు. "తడవటానికి పెట్టారా?" అన్నాడు. సంచి మడత పెట్టుకుని, తాళాలు నా చేతిలో పెట్టి పోయాడు.

ఆయన ఈ ఉద్యోగానికి ముందు మిరప కల్లాల్లో కాపలా ఉన్నవాడు. మా వైపు కాయలు ఆరబోసిన రోజుల్లో మబ్బు పట్టిందంటే పెళ్ళిలో అన్నం తింటున్నవాళ్ళు కూడా విస్తరి ముందు నుంచి లేచి పట్టాలు పట్టుకుని ఉరుకుతారు. ఆరుబయట ఉన్న విలువైనదాన్ని వానొస్తే కప్పాలి, ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తాతని తిట్టి, బల్ల ముందు కూర్చుని, కాస్త చల్లబడ్డాక నా తెలివి గుర్తొచ్చింది. ఎన్ని ఉదయాలు చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆవరణంతా మడుగులు దాటుకుంటూ వెళ్ళి, ఆ డబ్బాలో చెమ్మ లేదని సున్న చుట్టి వచ్చానో! ఒక్కరోజన్నా ఇదేం చోద్యం అనుకున్నానా? డిగ్రీ చదివాను. తాతకి లేని బుద్ధి నాకు మాత్రం ఏడుందని?

ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు దాని గురించి బెంగపెట్టుకుంటారు. రిజిస్టరులో ప్రతి పేజీ కిందా 'సరిచూడబడినది' అని ఆఫీసరుగారి సంతకం ఉంది. తాతని అడగాలంటే ముందు ఆ సంతకాన్ని అడగాలి. అందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు.

నా బాధ మాస్టారు గురించి. ఆ శనివారమంతా నాలో నేను వాదులాడుకున్నాను. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? కాగితం ఉంది, అంకెలున్నాయి, సంతకాలున్నాయి. బోర్డు గోడకే ఉంటుంది. చెప్పానంటే ఆ పెద్దాయన చేత నేనే బోర్డు పీకించినట్టు. సాయంత్రం వెళ్ళేసరికి మాస్టారు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న బోర్డు ముంగిట్లో నేల మీద పెట్టుకుని, బొగ్గుపొడీ బంకా కలిపి నల్లగా పూత వేస్తున్నారు, ఆదివారానికి కొత్తగా ఉండాలని. పాట కూడా పాడుకుంటున్నారు. చూసి నాకు ఏడుపొచ్చింది. నిలబడే మొత్తం కక్కేశాను.

ఆయన బ్రష్షు పక్కన పెట్టారు. "ఏ ఏ రాత్రులు కప్పాడో తెలుసా?"

"తెలవదు మాస్టారూ. ఆయనకీ గుర్తులేదు."

"అయితే దిద్దటానికి కూడా లేదు."

నేను ఆయన పక్కనే చతికిలబడ్డాను. ఆయన ఊరుకుందాం అంటారేమోనని నాకు ఆశ. సిగ్గు లేకుండా నేనే అడిగాను, "చెప్పకపోతే ఏమవుద్ది మాస్టారూ?" అని.

"ఏమీ కాదు. బోర్డు నా కాడే ఉంటది," అన్నారు. "సోమవారం దాని మీద ఏం రాయమంటావ్?"

ఆయన మిగిలిన సగం బోర్డుకి కూడా పూత వెయ్యడం మొదలుపెట్టారు. ఎల్లుండి నుంచి ఇంకొకరిదయ్యే బోర్డుకి అంత శ్రద్ధగా పూత వేస్తుంటే చూడలేక లేచాను. గేటు దాటుతుంటే వెనక నుంచి కేకేశారు, "అమ్మాయ్, వాచ్‌మన్ సంగతి ఎత్తొద్దు. నవ్వుతారు."

ఆదివారం లైబ్రరీ వరండా తిరునాళ్ళలా ఉంది. బల్లలు చాలక మెట్ల మీద కూర్చున్నారు, షెడ్డులో ట్రాక్టరు ఎక్కి కూర్చున్నారు. భాయ్ తెల్ల లాల్చీ తొడుక్కుని వచ్చాడు, చేతులు కూడా కడుక్కున్నాడు. నా కాగితం మాస్టారు చేతిలో ఉంది. ఆయన లేచి నిలబడి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"ఈ లెక్క ప్రకారం వానలు తగ్గాయి," అన్నారు. మాస్టారు పక్షం వాళ్ళు ఈలలేశారు. "కానీ ఈ లెక్క తప్పు. చివరి మూడేళ్ళూ కొలత సరిగ్గా జరగలేదు. కాబట్టి నేను రుజువు చెయ్యలేను."

ఈలలు ఆగిపోయాయి. భాయ్ కూడా దీనికి సిద్ధపడి రాలేదు. "ఎందుకు తప్పు? ఎవురు చెప్పారు?" అన్నాడు.

"కారణం నాకు తెలుసు. చెప్పను. మాట ప్రకారం బోర్డు నీది."

చెప్పి ఇక ఆగలేదు. చెక్క కుర్చీ జరుపుకుని ఎక్కారు. కొక్కేల నుంచి బోర్డు ఎత్తి కిందికి దింపితే భాయ్ గబగబా వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. గోడ మీద బోర్డు ఉన్నంత మేరా సున్నం తెల్లగా, చుట్టూ మాసిపోయి కనిపించింది. నేను తల ఎత్తలేకపోయాను.

"ఆ డబ్బాని కప్పింది నేనేనయ్యా," అని వెనక నుంచి వినపడింది.

వాచ్‌మన్ తాత. మెట్ల కింద నిలబడ్డాడు. యూరియా సంచి సంగతి మొదలు నుంచీ, కన్ను మూతపడ్డ రాత్రులతో సహా, దాపరికం లేకుండా చెప్పేశాడు. వరండా మొత్తం కడుపు పట్టుకుని నవ్వింది. ట్రాక్టరు మీద నుంచి ఒకడు జారి పడ్డాడు. తాత వాళ్ళ నవ్వు అయిపోయేదాకా ఆగాడు.

"నవ్వండి. మూడేళ్ళు ఆ డబ్బా కాడ పడుకున్నా. పొద్దున్నే ఈ అమ్మాయి వచ్చుద్ది, తాళాలు తీసుకుంటది, గ్లాసులో ఏందో పోసుకుని చూసి రాసుకుంటది. ఏం రాస్తన్నావని నేనడగలా, ఇదీ సంగతని ఆ అమ్మాయి చెప్పలా. మాస్టారు ఈ గోడ మీద లోకం సంగతంతా రాస్తారంట. నాకు చదువు రాదు. నాకు తెలిసిందల్లా వానొస్తే కప్పటం. అది సరిగ్గానే చేశా."

నాకు తల కొట్టేసినట్టయింది. రోజూ ఆ చేతి నుంచి తాళాలు తీసుకున్నాను. ఒక్క ముక్క, 'తాతా, ఇది వానని కొలిచే డబ్బా' అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు.

తాత మాస్టారు వైపు తిరిగాడు. "అయితే ఇప్పుడు భూమి వేడెక్కుతున్నట్టా, లేనట్టా?"

"వేడెక్కుతున్నట్టే," అన్నారు మాస్టారు. "గురజాలలో ఒక్క డబ్బాని పట్టుకుని దాన్ని తేల్చబోవటం నా బుద్ధి తక్కువ. అసలు వాన వేరు, వేడి వేరు. వేడిని లోకమంతా కొన్ని వేల చోట్ల కొలుస్తున్నారు. ఒక చోట తప్పు జరిగితే పక్కన కొలిచినోడు పట్టుకుంటాడు."

తాత బాగా ఆలోచించాడు.

"ఆ వేల చోట్లా వాచ్‌మన్‌లకి చెప్పారంటారా అయ్యా?"

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది భాయ్. బోర్డు చంకలో పెట్టుకునే ఊగిపోతున్నాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. స్కూల్లో ఎవరన్నా తను ఎదురుచూడని ప్రశ్న అడిగినప్పుడు ఆయన మొహం ఎలా వెలిగేదో, అలా వెలిగింది.

"మంచి ప్రశ్న," అన్నారు. "చాలా మంచి ప్రశ్న. పుస్తకాలు చూడాలి. తప్పుల్ని వాళ్ళు ఎట్టా పట్టుకుంటారో చదివి, రేపు పొద్దున్నే రాస్తా…"

చెయ్యి గోడ వైపు చాపారు. చాపాక బోర్డు లేని ఆ తెల్లటి సున్నం కనపడింది. చెయ్యి అలాగే ఉండిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు, చాలాసేపు తుడిచారు.

భాయ్ బోర్డుని చంక మార్చుకుని మెట్లు దిగాడు. షెడ్డు దాకా వెళ్ళి, తలుపుకి దాన్ని ఆనించి, కాస్త ఎడంగా జరిగి, సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు.

"గోడెందుకు చూస్తారు మాస్టారూ?" అని అక్కడి నుంచే అరిచాడు. "నా షెడ్డు ఏడింటికి తీస్తా. రాసేది మీరే రాయండి. కాకపోతే రోజూ పైకి చదవాలి, తాతకి వినపడేట్టు. సుద్దముక్కలు మాత్రం మీరే తెచ్చుకోవాలి, నేను కొనను!"